తుండుగుడ్డ కింద కుక్క కాలు

ముందే ఒట్టు పెట్టి చెబుతున్నాను. ఈ కింద రాసినదాంట్లో ప్రతి అక్షరమూ నిజం. చెప్పులు విడిచి, తిరుమల కొండ వైపు తిరిగి, నెత్తిన చెయ్యి పెట్టుకుని మరీ రాస్తున్నాను. నెత్తిన ఒక చెయ్యి ఉంచుకుని రెండో చేత్తో రాయడం ఎంత కష్టమో రాసినవాళ్ళకే తెలుస్తుంది. ఇంత గట్టిగా ఎందుకు చెప్పుకోవలసి వస్తున్నదంటే, మా వైపు నా మాటకున్న విలువ అలాంటిది. పాకాల నుంచి తిరుపతి పోయే బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్ళు చంద్రగిరి వచ్చేలోగా వేరే సీటు చూసుకునేవాళ్ళు. "ఈయప్ప పాము కథ మొదలుపెట్టేలోగా టికెట్టు తీసుకోండప్పా, తర్వాత నా మాట వినపడదు" అని కండక్టరే ముందుగా హెచ్చరించేవాడు. ఆ పాము కథ కూడా నిజమే. దాని సంగతి ఇప్పుడు కాదు.

ఇప్పుడు చెప్పబోయేది ఒక కుక్కను నేను రోజూ పనికి తీసుకుపోయిన సంగతి. ఆ పని చోట, ఒక పెద్దాయనకు జీవితమంతా కూడబెట్టుకున్న మంచిపేరు ఒక్క మామిడి కాలంలో పోతుందా నిలుస్తుందా అన్నంతవరకు వచ్చిన సంగతి కూడా.

తొంభైల నడిమి రోజులు. పాకాల దాటినాక రోడ్డు పక్కన మామిడి మండీలు వరసగా ఉండేవి. వాటిలో ఒకదాంట్లో నేను కాటా దగ్గర తూకం చూసేవాణ్ణి. ఇంటి నుంచి మండీకి పాత మోపెడ్ మీద పోయి వచ్చేవాణ్ణి. దాని వేగం గురించి చెప్పాలంటే, ఎదురుగాలి గట్టిగా వీచినప్పుడు ఇంటి నుంచి బయలుదేరి మళ్ళీ ఇంటికే చేరేవాణ్ణి.

ఒక సాయంత్రం పాకాల బస్టాండు దగ్గర టీ తాగుతూ బన్ను అంచు విరిచి కింద పడేశాను. ఒక ఆడకుక్క వచ్చి తిన్నది. ఎండుగడ్డి రంగు. ఒక చెవి ఏ కొట్లాటలోనో సగం చిరిగిపోయింది. నేను మోపెడ్ ఎక్కితే వెనకాలే వచ్చింది. వేగం పెంచాను. అదీ పెంచింది. చివరికి నన్ను దాటిపోయి, ముందున్న మోరీ గట్టు మీద కూర్చుని నా కోసం ఎదురుచూసింది. అంత మర్యాద తెలిసిన ప్రాణిని వదిలేసి పోవడానికి మనసు ఒప్పలేదు. ఎత్తి మోపెడ్ ముందర, బియ్యం మూట పెట్టుకునే చోట నిలబెట్టాను. ముందరికాళ్ళు హాండిలు మీద పెట్టి, నేనే దాన్ని అడిగి ఎక్కించుకున్నట్టు రోడ్డు చూస్తూ వచ్చింది.

ఇంట్లో నా భార్య గుమ్మంలోనే నిలబెట్టింది.

"ఉన్న నోళ్ళకే సంగటి చాలడం లేదు. ఇంకో నోరు యాడి నుంచి తెచ్చినావు?"

"నేను తేలేదు. అదే నన్ను తెచ్చింది."

"నీ కతలు మండీలో చెప్పుకో. రాత్రికి వసారాలో పండుకోనీ. పగలు మాత్రం ఇది ఈడ ఉండేదానికి లేదు. నువ్వు యాడికి పోతే ఆడికి తీసుకోని పో."

కోపంతో అన్న మాటే అయినా, నేను దాన్ని ఆజ్ఞగా తీసుకున్నాను. మరునాటి నుంచి కుక్క నాతోపాటు పనికి రావడం మొదలుపెట్టింది. పేరు పెట్టలేదు. "ఏమే" అంటే వచ్చేది. నా భార్యను పిలిచినా అదే ముందు వచ్చేది. దాని మీద ఇంట్లో నేను పడిన మాటలు రాయదగినవి కావు.

మండీ పెద్దాయన గురించి చెప్పాలి. మండీ ఆయనదే. రైతు సరుకు తెస్తే, కొనేవాళ్ళకూ రైతుకూ మధ్య కూర్చుని బేరం తెగ్గొట్టే దళారీ కూడా ఆయనే. నాకు చుట్టం కాదు, అయినా నేను 'మామా' అనేవాణ్ణి, ఆయన 'అల్లుడా' అనేవాడు. తెల్లని పంచె, పొట్టిచేతుల బనీను, భుజాన ఎర్ర అంచు తుండుగుడ్డ. ప్రతి బండిలోంచి ఒక కాయ తీసి కోసి, ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, అది ఏ నేలలో కాసిందో చెప్పేవాడు. సరుకు పోసిన గడ్డి మీదికి చెప్పులతో ఎవరినీ రానిచ్చేవాడు కాదు. తాను కూడా పొద్దస్తమానం వట్టికాళ్ళతోనే తిరిగేవాడు.

మా మండీల్లో రేటు నోటితో చెప్పరు. దళారీ చెయ్యి చాపితే కొనేవాడు చెయ్యి కలుపుతాడు. ఆ రెండు చేతుల మీద తుండుగుడ్డ కప్పుకుంటారు. లోపల కొనేవాడు దళారీ వేళ్ళు పట్టి నొక్కుతాడు. ఎన్ని వేళ్ళు పట్టినాడు, నిండుగా పట్టినాడా, సగం కణుపు దగ్గర పట్టినాడా అన్నదే రేటు. పక్కన కూర్చున్న రెండో వ్యాపారికి మొదటివాడు ఎంత పట్టినాడో తెలియదు. రైతుకూ తెలియదు. అందరి పట్టూ తెలిసింది దళారీ ఒక్కడికే. ఆఖరుకు ఆయన తల పైకెత్తి, "సరుకు ఫలానా ఆయనకు" అంటే అంతే. ఎంతకు అన్నది రైతు చెవిలో చెబుతాడు. ఎక్కువ పట్టినవాడికే ఇచ్చినాడని అందరూ నమ్మాలి. రుజువు ఏమీ ఉండదు. గుడ్డ తీస్తే కనిపించేది రెండు ఖాళీ చేతులే.

కాబట్టి దళారీకి ఉన్న ఆస్తి అంతా ఆ నమ్మకమే. మా పెద్దాయన గుడ్డ కింద మాటను నేను పనిలో చేరినప్పటి నుంచి ఒక్కరు కూడా తప్పు పట్టలేదు. పక్క మండీలు దాటుకుని రైతులు మా దగ్గరికి వచ్చేవాళ్ళంటే అందుకే. అది ఒక్కసారి పోతే ఆయనకు మిగిలేది నాలుగు రేకులూ, ఒక కాటా.

కుక్కను చూసిన మొదటి రోజే ఆయన ముఖం మాడ్చుకున్నాడు.

"ఏందిది అల్లుడా?"

"కుక్క, మామా."

"నాకు కండ్లు ఉండాయి. ఈడెందుకు ఉండాది అని."

"ఇంట్లో ఉండనీయడం లేదు."

"నిన్నా, దాన్నా?"

చుట్టూ ఉన్న కూలీలు నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఇప్పుడు చింతపండు కాలం కాబట్టి ఊరుకుంటా ఉండా. కాయ దిగేనాటికి ఈ శని మండీలో కనబడకూడదు. తినే సరుకు. కుక్క మూతి పెట్టిందంటే ఏ రైతు ఊరుకుంటాడు?" అన్నాడు. అప్పటి నుంచి ఆయన నోట దాని పేరు శనే. అది కూడా ఆ పేరుకు తోక ఊపేది.

కాయ దిగింది. కుక్కను పంపించలేదు. దానికి కారణం కోతులు. బేనీషా మామిడి కాయ వాసన కొండ దాకా ఎట్లా పోయేదో, ఎండ ఎక్కేసరికి రేకుల మీద బారులు తీరి కూర్చునేవి. పక్క మండీల వాళ్ళు టపాకాయలు కాల్చి అలిసిపోయారు. మా మండీలో మాత్రం, మా కుక్క ఒక్కసారి రేకుల కింద నిలబడి పైకి చూసిందంటే, కోతులు తమలో తాము మాట్లాడుకుని, పెద్దకోతి సలహా తీసుకుని, పక్క మండీకి మారిపోయేవి. పెద్దాయన ఇది చూసి ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆయన ఒప్పుకునే పద్ధతి అనుకుని నేను రోజూ తెస్తూనే ఉన్నాను. కాటా పక్కన గడ్డి మీద దాని చోటు.

పని లేనప్పుడు దానికి ఒక విద్య నేర్పాను. చెయ్యి చాపితే ముందరికాలు తెచ్చి ఆ చేతిలో పెట్టడం. బన్ను ముక్క ఆశకు రెండు రోజుల్లో నేర్చుకుంది. తర్వాత బన్ను లేకపోయినా, ఎవరు చెయ్యి చాపినా కాలు ఇచ్చేది. కూలీలు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దానికి చెయ్యిచ్చి పోయేవాళ్ళు. నా భార్యకు మాత్రం ఆ విద్య చూపించలేదు. "మనిషికి పని నేర్పేది చేతకాదు గానీ" అని మొదలవుతుందని తెలుసు.

ఒక రోజు మంచి రద్దీ. కృష్ణగిరి నుంచి వచ్చే వ్యాపారి ఒకాయన పెద్దాయన ఎదురుగా కూర్చున్నాడు. ఇటుపక్క రైతు. పెద్దాయన రైతు వైపు తిరిగి ఏదో సర్దిచెబుతూ, అలవాటుగా కుడిచెయ్యి వ్యాపారి వైపు చాపి, దాని మీద తుండుగుడ్డ వేశాడు. సరిగ్గా అప్పుడే వ్యాపారి బీడీ నిప్పు పంచె మీద పడింది. ఆయన లేచి దులుపుకుంటున్నాడు. చాపిన చెయ్యి గుడ్డ కింద ఖాళీగా ఉంది. మా కుక్కకు చాపిన చెయ్యి కనిపిస్తే ఊరుకోదు గదా. వచ్చింది, కూర్చుంది, గుడ్డ కింద కాలు పెట్టింది.

పెద్దాయన రైతుతో మాట్లాడుతూనే ఆ కాలు పట్టుకున్నాడు. మాట ఆపి, కనుబొమ్మలు ముడిచి, లెక్క వేసుకున్నాడు. ఒకసారి వదిలి మళ్ళీ పట్టుకున్నాడు. తర్వాత రైతు చెవి దగ్గర వంగి, "మంచి రేటే పట్టినాడు, ఇచ్చేద్దామా?" అన్నాడు.

వ్యాపారి నిలబడే ఉన్నాడు. "సామీ," అన్నాడు, "నేను ఇంకా చెయ్యే పెట్టలేదు."

పెద్దాయన తల తిప్పి చూశాడు. కుక్క ఆయన ముఖంలోకి ఎంతో శ్రద్ధగా చూస్తోంది.

ఆ పొద్దు మా మండీలో నవ్వని మనిషి లేడు. గంపల పక్కన కూర్చున్న ముసలమ్మలు కూడా కడుపు పట్టుకుని నవ్వారు. కృష్ణగిరి వ్యాపారి కళ్ళు తుడుచుకుంటూ, "నాకంటే అది బాగా పట్టినట్టు ఉండాది, దానికే ఇచ్చేయండి సామీ" అన్నాడు. పెద్దాయన ఒక్కడే నవ్వలేదు. గుడ్డ భుజాన వేసుకుని, తన కుడిచెయ్యి తెరిచి కాసేపు చూసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "రేపటి నుంచి ఆ శని ఈడికి వస్తే, నువ్వు రావొద్దు" అన్నాడు. గొంతు పెంచలేదు.

నలుగురిలో నవ్వులపాలు చేసింది కాబట్టి కోపం వచ్చిందనుకున్నాను. అంతకుమించి ఆలోచించే తీరిక నాకు లేదు, ఎందుకంటే ఆ కథను పాకాల టీ కొట్లోనూ తిరుపతి బస్సులోనూ చెప్పుకు తిరగడానికే నాకు టైము చాలలేదు. చెప్పిన ప్రతిసారీ కొంచెం పెరిగేది. నెల తిరిగేసరికి మా కుక్క మూడు లారీల సరుకు కొని, అరువు కూడా పెట్టింది.

దాన్ని ఇంట్లో వదలడానికి లేదు కాబట్టి తీసుకురావడం మానలేదు. మండీ వెనక గడ్డివామి చాటున తాడుతో కట్టేసేవాణ్ణి. పెద్దాయనకు తెలుసు. తెలియనట్టు ఉండేవాడు.

ఆ తర్వాత జరిగింది నవ్వులాట కాదు. మా దగ్గరికి సొంతంగా తోట చూసుకునే ఒకామె సరుకు తెచ్చేది. మగవాళ్ళను పంపేది కాదు. బండి మీద తానే కూర్చుని వచ్చేది. ఆమె నోటికి కూలీలంతా జడిసేవాళ్ళు. ఆమె బేనీషా కాయలకు ఆ రోజు ఇద్దరు పోటీ పడ్డారు. ఒకడు కృష్ణగిరి వ్యాపారి, ఇంకొకడు తిరుపతి ఆయన. ఇద్దరూ వంతులవారీగా గుడ్డ కింద చెయ్యి పెట్టారు. పెద్దాయన చాలాసేపు చెయ్యి తియ్యలేదు. ఒకరి చేతిని రెండుసార్లు అడిగాడు. ఆఖరుకు, "సరుకు తిరుపతి ఆయనకు" అన్నాడు.

కృష్ణగిరి వ్యాపారి ముఖం ఎర్రబడింది. గుడ్డ కింద పట్టింది బయట చెప్పకూడదన్నది కట్టుబాటు. ఆయన లోపల ఏమీ అనలేదు గానీ, టీ కొట్టు దగ్గర ఆపుకోలేక చెప్పేశాడు. తాను పట్టింది ఎంతో, అక్కడే టీ తాగుతున్న తిరుపతి ఆయన పట్టింది ఎంతో పోల్చుకున్నారు. కృష్ణగిరి ఆయనదే ఎక్కువ. ఆ మాట ఆమె చెవిన పడడానికి ఎంతసేపు?

గడ్డి అంచున చెప్పులు విసిరేసి లోపలికి వచ్చింది.

"ఏం అన్నా, ఎక్కువ పట్టినోణ్ణి వదిలి తక్కువోనికి ఎట్లిచ్చినావు?"

పెద్దాయన గడ్డిలోంచి ఒక కాయ తీసి తొడిమ చూస్తున్నాడు.

"నిన్నే అడగతా ఉండేది. మా నాయన కాలం నుంచి ఈ గుమ్మమే తొక్కినాం. పక్కన ఎంత మంది పిలిచినా పోలేదు. నాకే ఎందుకట్ల సేసినావు?"

"తేడా ఎంతో నా కమీషన్లో పట్టుకో" అన్నాడు ఆయన, నేలకేసి చూస్తూ.

"నీ దుడ్డు ఎవురికి కావాల? ఎందుకు సేసినావో సెప్పు. ఆ తిరుపతాయన నీకేమిచ్చినాడో సెప్పు."

మండీ అంతా ఆగిపోయింది. పెట్టెలకు మేకులు కొడుతున్న సుత్తి చప్పుడు కూడా నిలిచిపోయింది. అందరూ ఆయన ఏదో ఒకటి అంటాడని చూస్తున్నారు. లెక్క తప్పింది అంటే చాలు. పొరపాటు అంటే చాలు. ఆయన తుండుగుడ్డ మడత పెట్టుకుంటూ, "నా మండీ. నా ఇష్టం" అన్నాడు.

ఆమె ఆయన ముఖంలోకి చూసి, ఇంకేమీ అనకుండా చెప్పులు తొడుక్కుని పోయింది. తిట్టి పోయి ఉంటే బాగుండేదనిపించింది.

సాయంత్రానికి వరసలోని మండీలన్నిటికీ పాకిపోయింది. ముసలాయన రెండు చేతులా తింటున్నాడు అన్నారు. ఇన్నాళ్ళూ తిన్నాడేమో, ఇప్పుడు బయటపడింది అన్నవాళ్ళూ ఉన్నారు. మా కాటా దగ్గరికి వచ్చే బండ్లు పలచబడ్డాయి. జనానికి ఏ బేరం చూసినా ఏదో ఒక తేడా కనిపించడం మొదలైంది. నాకు కూడా అనుమానం వచ్చింది. ఆయన దగ్గర అన్నం తింటున్నవాణ్ణి, నాకే వచ్చింది.

ఒక మధ్యాహ్నం. బండ్లు లేవు. కూలీలు గడ్డి మీద కునుకు తీస్తున్నారు. పెద్దాయన అరుగు మీద కాళ్ళు వేలాడేసి కూర్చుని, ఈసారి వాన ముందే వచ్చేటట్టుందనీ, బెంగళూరా కాయకు మచ్చ పడుతుందనీ నాతో చెబుతున్నాడు. నేను కాటా పళ్ళెం తుడుస్తూ వింటున్నాను. అప్పుడు చూశాను, కుక్క తాడు తెంపుకుని వచ్చేసింది. అరుగు కింద ముడుచుకుని ఆయన మడమ నాకుతోంది.

నా పని అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు తన్నుతాడు, తర్వాత నన్ను పొమ్మంటాడు. గుడ్లప్పగించి చూస్తున్నాను. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. మబ్బు ఏ దిక్కున పడుతోందో చెబుతున్నాడు. కుక్క నాలుక మడమ నుంచి అరికాలు దాకా పోతోంది. చక్కిలిగింత పుట్టి పసిపిల్లవాడైనా కాలు లాక్కునేంతగా నాకుతోంది. ఆయనకు ఏమీ తెలియడం లేదు.

దగ్గరికి పోయి వంగి చూశాను. మడమ పక్కన చర్మం నల్లబడి ఉంది. మధ్యలో గుండ్రంగా ఏదో మెరిసింది. కాయల పెట్టెలకు కొట్టే మేకు. తల దాకా దిగిపోయి ఉంది. చుట్టూ చీము.

"మామా, కాలు కదిలించొద్దు."

"ఏం?"

"మేకు."

ఆయన వంగి చూసుకున్నాడు. నొప్పి కనిపించలేదు ఆ ముఖంలో. భయం కనిపించింది. నేను పట్టకారు తెచ్చి, కళ్ళు సగం మూసుకుని, లాగాను. మేకు ఊడి వచ్చింది. తల ఎత్తితే ఆయన తన కాలు వైపు చూడడం లేదు, నా ముఖం వైపు చూస్తున్నాడు.

"ఊడిందా?" అని అడిగాడు.

మేకు ఊడిందో లేదో నా ముఖం చూసి తెలుసుకుంటున్నాడు! అప్పుడు నాకు ఆ కుక్క కాలు గుర్తుకొచ్చింది. నెలరోజులుగా ఊరంతా చెప్పి నవ్వించిన కథ. బొచ్చు, గోళ్ళు, కింద గరుకు మెత్తలు. ఎన్ని వేల చేతులు పట్టిన వేళ్ళు అవి! సగం కణుపు తేడా చెప్పే వేళ్ళు. వాటికి కుక్క కాలికీ మనిషి చేతికీ తేడా తెలియలేదని, దాంట్లో నవ్వవలసింది ఏమీ లేదని, అంతమందిమి ఉండి ఒక్కరికీ తట్టలేదు.

"వేళ్ళు కూడానా, మామా?"

కుక్క మళ్ళీ కాలి దగ్గరికి వచ్చింది. ఈసారి నేనే తోసేశాను.

"సుగర్ అన్నారు. రెండేండ్లు అయింది" అన్నాడు. "ముందు కాళ్ళు మొద్దుబారినాయి. వేళ్ళు మొన్న ఉగాదికి ముందు నుంచి. తిమ్మిరి అనుకున్నా. వాళ్ళు పట్టింది కొంచెం తెలిసేది, కొంచెం వాళ్ళ ముఖం సూసి లెక్క వేసుకునేవాణ్ణి."

"ఆమె సరుకు?"

"ముఖం సూసే వేసినా. తప్పినా."

"మరి ఆ మాటే చెప్పి ఉంటే పోయేది గదా! దొంగ అనిపించుకునేది ఎందుకు?"

ఆయన నవ్వాడు. ఆ కాలమంతటిలో ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే.

"అల్లుడా, దొంగ అన్నా మండీలో కూర్చోవచ్చు. కూర్చున్నోళ్ళు లేరా? వేళ్ళు సచ్చినోడు యాడ కూర్చుంటాడు?"

ఆ మాట గురించి ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. పరువు అంటే అందరూ మంచివాడు అనడమే అనుకునేవాణ్ణి. ఆయనకు పరువు అంటే తన పని చెయ్యగలిగినవాడుగా ఉండడం. ఆ రెంటిలో ఒకటే నిలుపుకోవడానికి వీలున్నప్పుడు ఆయన రెండోదాన్ని ఎంచుకున్నాడు. మంచిపేరును తానే తీసి అవతల పెట్టాడు. అంత ఖరీదు పెట్టి కొనుక్కున్నది ఏమిటి అంటే, ఇంకొన్నాళ్ళు ఆ అరుగు మీద, భుజాన గుడ్డతో కూర్చోవడం.

"కానీ మామా," అన్నాను, "రేపు ఇంకో రైతుది తప్పుతుంది."

"తెలుసు" అన్నాడు. నా చేతిలోని మేకు తీసుకుని, "నువ్వు ఈ సంగతి టీ కొట్లో..." అని ఆగిపోయాడు.

"చెప్పను."

"నేను ఉన్నన్నాళ్ళు సెప్పొద్దు. నువ్వు సెప్పకుండా ఉండలేవని తెలుసు. అయినా అడగతా ఉండా."

మరునాడు ఆమె వచ్చింది. రాదనుకున్నాం అందరం. తోటలో రెండో కోత సరుకు బండి నిండా వేసుకుని, అదే గుమ్మంలో దిగింది. "ఈసారి నేను ఈడే నిలబడతా. సూస్తా" అంది. సంగతి తెలిసి పక్క మండీల నుంచి కూడా జనం వచ్చి నిలబడ్డారు. కృష్ణగిరి వ్యాపారి ఎదురుగా కూర్చున్నాడు. పెద్దాయన చెయ్యి చాపి, గుడ్డ వేయబోయి, ఆగాడు. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, తన చెయ్యి తీసేసి, ఆ చోట నా చెయ్యి పెట్టాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"నా వేళ్ళు సచ్చిపోయినాయప్పా" అన్నాడు అందరి వైపు చూసి. "పట్టింది తెలియడం లేదు. ఈ అమ్మ సరుకు నేను తినలేదు. నా చేతికి తెలియక తప్పినాను. ఆ పొద్దు కుక్క కాలు పట్టుకుంటే మీరంతా నవ్వినారే, నాకు ఆ పొద్దే తెలిసింది. సెప్పేదానికి నోరు రాలేదు. ఇంక ఈ గుడ్డ కింద నా సెయ్యి ఉండదు."

ఆమె ముందుకొచ్చి ఆయన కుడిచెయ్యి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ మాట మొన్ననే సెప్పింటే, నేను ఇన్ని దినాలు నిన్ను తిట్టుకునే పని తప్పేది గదన్నా" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని, "ఊ, పట్టండి, ఎండ ఎక్కతా ఉండాది" అని మా మీద కసిరింది.

ఆ వారమే ఆయన్ను పాకాల నుంచి రైల్లో కాట్పాడి మీదుగా వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయాం. మడమ పుండు కడిగి, అప్పటికే కుళ్ళిపోయిన రెండు కాలివేళ్ళు తీసేశారు. ఇంకొంచెం ఆలస్యమైతే కాలే పోయేదన్నారు. కుక్క నా వెంట స్టేషను దాకా వచ్చింది. బండి కదిలినాక కూడా ప్లాట్‌ఫారం చివరిదాకా పరుగెత్తింది. తిరిగి వచ్చినాక ఆయన మండీకి వచ్చేవాడు గానీ, అరుగు మీద కూర్చుని కాయ కోసి రుచి చూసి చెప్పడం వరకే. అదీ డాక్టరు వద్దన్న పనే. బేరం నేను చూసేవాణ్ణి. కుక్క గడ్డివామి చాటు నుంచి మళ్ళీ కాటా పక్కకు వచ్చింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ పొమ్మనలేదు. ఆయన శని అని పిలవడం మానలేదు. మోపెడ్ పాడైపోయి అమ్మేసేదాకా, అది నాతోపాటు రోజూ పనికి వచ్చింది. అమ్మినాక నడిచి వచ్చింది.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. నెత్తిన పెట్టుకున్న చెయ్యి నొప్పి పుడుతోంది. చదివినవాళ్ళు కుక్క కాలు కథ దగ్గర, వీడు కోతలు కోస్తున్నాడు అనుకుని ఉంటారు. అది మాత్రం పూర్తిగా జరిగింది. చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. కోతుల సలహా సంగతి ఎవరి ఇష్టం వాళ్ళది.

నేను కల్పించింది ఆ మరునాటి మాటలు. ఆమె బండి వేసుకుని వచ్చింది, జనం నిలబడ్డారు, ఆయన తన చెయ్యి తీసి నా చెయ్యి పెట్టాడు. అంతవరకూ నిజం. ఆయన లేచి నిలబడలేదు. అందరి వైపు చూడలేదు. "నడుం పట్టింది అల్లుడా, వంగలేకుండా ఉండా, నువ్వు పట్టు" అన్నాడు, అంతే. జనంలో కొందరు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. దొరికిపోయినాడు కాబట్టి తన మనిషిని ముందు పెట్టినాడు అన్నారు. ఆమె ఆయన చెయ్యి పట్టుకోలేదు. ఆయన కట్టు కట్టిన కాలు వైపు, ఒళ్ళో ఊరికే పడి ఉన్న ఆ చేతి వైపు చూసింది. ఏమి అర్థమైందో నాకు తెలియదు. తోట ఉన్నన్నాళ్ళు సరుకు మాత్రం మా దగ్గరికే తెచ్చింది.

ఆయన ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. పోయిన రోజు కూడా, వాకిట్లో కూర్చున్నవాళ్ళలో ఒకరు, మంచాయనే గానీ ఆ ఒక్క బేరంలో తిన్నాడు అన్నారు. నేను అక్కడే ఉన్నాను. ఎన్నో కథలు అల్లిన నోరు, ఆ ఒక్క నిజం చెప్పకుండా మూసుకున్నాను. తాను ఉన్నన్నాళ్ళు చెప్పొద్దన్నాడు గదా, ఆ పొద్దుతో గడువు తీరింది. అయినా శవం వాకిట్లో ఉండగా నోరు రాలేదు. ఇప్పుడు రాద్దామని కూర్చుంటే, ఆ మాటలు నా నోటి నుంచి కాకుండా ఆయన నోటి నుంచి, నిండు మండీలో, అందరూ వింటుండగా రావాలనిపించింది. అందుకని ఆయన్ను లేపి నిలబెట్టాను. ఆయన లేవలేదు. నడుం నొప్పి అన్నాడు.